క్యాంప్ ఫైరింగ్‌కి ముందు: పాయింట్ 22 రైఫిల్ లోడింగ్‌లో జాగ్రత్తలు

ఎన్‌సీసీ క్యాంప్‌లో అందరూ ఎదురుచూసేది ఫైరింగ్ రోజు కోసమే. అందరూ టెన్షన్ పడేదీ ఆ రోజే. గురి తప్పితే మార్కులు పోతాయి, లోడింగ్‌లో తప్పు జరిగితే పక్కవాడి ప్రాణం మీదికి వస్తుంది. టార్గెట్ 25 గజాల దూరంలోనే ఉంటుంది గానీ, పాయింట్ 22 బుల్లెట్ దారి తప్పితే మైలు దాకా పోగలదు. చిన్న రైఫిలే కదా అన్న చులకన ముందు తీసేయండి.

రైఫిల్ చేతికి రాగానే బ్యారెల్ టార్గెట్ వైపే ఉంచి, బోల్ట్ (చేత్తో వెనక్కీ ముందుకీ జరిపే కడ్డీ) వెనక్కి లాగి, చాంబర్‌లోకి, అంటే తూటా కూర్చునే గదిలోకి, కళ్లతో చూడండి. చిటికెన వేలు పెట్టి తడిమి చూస్తే ఇంకా మంచిది. "ఇప్పుడే చూశాను, ఖాళీయే" అని ముందు డీటెయిల్‌లోని (ఒకేసారి ఫైరింగ్ చేసే జట్టులోని) ఫ్రెండ్ చెప్పినా సరే, మీరూ చూడాల్సిందే. బ్యారెల్‌లో చిందీ (తుడిచే గుడ్డ) ముక్క గానీ మట్టి గానీ మిగల్లేదని ఉస్తాద్‌తో (శిక్షకుడితో) ఒకసారి చూపించుకోండి. నూనె తుడవకుండా ఫైరింగ్‌కి తేకూడదు.

రౌండ్లు (తూటాలు) ఫైరింగ్ పాయింట్ దగ్గరే తీసుకోవాలి. జేబులో వేసుకోవడం, నోట్లో పెట్టుకోవడం వద్దు. ఈ రౌండ్‌కి పేలే మందు వెనక అంచులోనే ఉంటుంది, బుల్లెట్ మెత్తటి సీసం. అంచు నొక్కుకుపోయినా, బుల్లెట్ వదులుగా కదిలినా దాన్ని పక్కన పెట్టి ఉస్తాద్‌కి ఇచ్చేయండి. ఇసుకలో పడిన రౌండ్‌ని ప్యాంటుకి తుడిచి లోడ్ చేసేవాళ్లు ప్రతి క్యాంప్‌లో ఉంటారు. ఆ ఇసుక చాంబర్‌లోకి పోయి, తర్వాతి కేసు (పేలాక మిగిలే తూటా గుల్ల) బయటికి రాక మొరాయిస్తుంది.

మ్యాగజైన్ (రౌండ్లు పెట్టే డబ్బీ) నింపేటప్పుడు పై రౌండ్ అంచు కింది రౌండ్ అంచుకి ముందుండాలి. వెనక పడితే రెండూ ఒకదానికొకటి తగులుకుని, బోల్ట్ ఎంత తోసినా కదలదు. అప్పుడు అరచేత్తో బోల్ట్‌ని గుద్దకండి, చెయ్యెత్తండి చాలు.

"భర్" (లోడ్ చెయ్) అన్న కమాండ్ వినపడే దాకా రౌండ్ చాంబర్‌లోకి వెళ్లకూడదు. చెవుల్లో దూది ఉంటే కమాండ్ సరిగా వినపడదు కాబట్టి, పక్కవాడిని చూసి చేయకుండా ఉస్తాద్ వైపు చెవి పెట్టండి. బోల్ట్‌ని పూర్తిగా వెనక్కి లాగి పూర్తిగా ముందుకు తోయాలి. భయం భయంగా సగం లాగితే ఖాళీ కేసు బయటికి రాకముందే ఇంకో రౌండ్ వచ్చి ఇరుక్కుంటుంది. గురి చూసే దాకా వేలు ట్రిగ్గర్ గార్డ్ బయటే ఉండాలి. సేఫ్టీ పెట్టాను కదా అన్న ధీమా పనికిరాదు.

ట్రిగ్గర్ నొక్కినా పేలలేదనుకోండి. "ఏమైంది సార్" అంటూ రైఫిల్‌తో సహా వెనక్కి తిరగడం ఫైరింగ్‌లో అన్నిటికన్నా పెద్ద తప్పు. బ్యారెల్ అలాగే టార్గెట్ వైపు ఉంచి, బోల్ట్ ముట్టుకోకుండా కనీసం 30 సెకన్లు ఆగండి. ఒక్కోసారి మందు ఆలస్యంగా అంటుకుంటుంది. దీనికన్నా కనిపెట్టడం కష్టమైనది ఇంకోటుంది: ఎప్పటిలా కాకుండా "టప్" మని నీరసంగా శబ్దం వచ్చి, టార్గెట్ మీద చిల్లు పడకపోవడం. బుల్లెట్ బ్యారెల్‌లోనే ఇరుక్కుని ఉండొచ్చు. దాని వెనక ఇంకో రౌండ్ పేలిస్తే బ్యారెల్ పగులుతుంది. రౌండ్లు మిగిలిపోతాయని చూడకండి, ఆపేయండి.

"ఖాళీ కర్" (రైఫిల్ ఖాళీ చెయ్) కమాండ్ దగ్గర వరస మారకూడదు. ముందు మ్యాగజైన్ తీయాలి, తర్వాతే బోల్ట్ లాగాలి. మ్యాగజైన్ ఉండగానే బోల్ట్ లాగి తోస్తే, మిగిలిన రౌండ్ చక్కగా చాంబర్‌లోకి ఎక్కుతుంది. ఆ తర్వాత మ్యాగజైన్ తీసి ఖాళీ అయిందనుకుంటారు. అందుకే చివర్లో మళ్లీ చాంబర్ చూడటం. టార్గెట్ల దగ్గరికి మనుషులు వెళ్తే, బోల్ట్ తెరిచి నేల మీద పెట్టిన రైఫిల్ జోలికి ఎవరూ పోకూడదు. గ్రూపింగ్ (చిల్లులు ఎంత దగ్గరగా పడ్డాయన్నది) ఎలా వచ్చిందో చూడాలన్న ఆత్రం అందరికీ ఉంటుంది, కానీ కమాండ్ వచ్చాకే లేవండి.

రౌండ్లు, ఖాళీ కేసులు ఏవీ మీ దగ్గర లేవని చెప్పే ముందు జేబులు నిజంగానే తడుముకోండి. గుర్తుగా ఒక కేసు దాచుకుంటే లెక్క తేలక మొత్తం డీటెయిల్ ఎండలో నిలబడాలి. భోజనానికి కూర్చునే ముందు సబ్బుతో చేతులు కడుక్కోండి, వేళ్లకి సీసం అంటి ఉంటుంది.