పేరు పెట్టి పెంచుకున్న కోళ్లను కుక్కల బారిన పడకుండా చూసుకోవడం ఎలా

మచ్చికైన కోడి కుక్కను చూసి పారిపోదు. ఈ సంగతి నాకు ఆలస్యంగా తెలిసింది, అందుకే అన్నిటికంటే ముందు అదే చెబుతున్నాను. పొలం గట్ల మీద తిరిగే కోడి ఆకు కదిలినా చెట్టెక్కేస్తుంది. మన చేతిలో నూకలు తిని, ఒళ్లో కునుకు తీసి, ఇంటి కుక్కపిల్ల పక్కనే ఎండలో రెక్క చాపుకుని పడుకునే కోడికి ఆ భయం ఉండదు. గేటులోంచి కొత్త కుక్క వచ్చినా మెడ పక్కకి వంచి, ఎవరా అని చూస్తూ నిలబడుతుంది. మా చుక్కమ్మ అలాగే నిలబడింది. మధ్యాహ్నం పూట, గ్యాస్ బండ వచ్చి వెళ్లాక గేటు సరిగ్గా పడలేదు, అంతే. నేను పెరట్లోకి పరుగెత్తేసరికి కుక్క నోట్లో చుక్కమ్మ ఉంది, మిగతావన్నీ జామచెట్టు మీద, గోడ మీద, నీళ్ల ట్యాంకు వెనకాల ఎక్కడివక్కడ చెల్లాచెదురై అరుస్తున్నాయి.

మాది భీమవరం దగ్గర ఊరు, ఐదు సెంట్ల స్థలం, తొమ్మిది కోళ్లు. నాటువి నాలుగు, గ్రామప్రియ మూడు, వనరాజా రెండు. చివరి రెండు రకాలూ హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థ పెరటి పెంపకం కోసమే తయారు చేసినవి, గుడ్లకి గ్రామప్రియ బాగుంటుంది, వనరాజా ఒళ్లు చేస్తుంది. కుక్కల సంగతి ఆలోచిస్తే ఈ తేడా బాగా గుర్తుపెట్టుకోవాలి. నాటుకోడి ఒక్క ఉదుటున గోడెక్కుతుంది, బరువెక్కిన వనరాజా ఎగరలేదు, నాలుగడుగులు పరుగెత్తి ఆయాసపడి కూర్చుండిపోతుంది. బరువు రకాలు పెంచుకునేవాళ్లు కోళ్లు తమని తామే కాపాడుకుంటాయని అస్సలు అనుకోవద్దు.

మచ్చిక వల్ల ప్రమాదం ఉంది కాబట్టి మచ్చిక చేసుకోవద్దని నేను చెప్పను. ఆ మచ్చికనే కాపలాగా వాడుకోవచ్చు. రోజూ మేత వేసేటప్పుడు ఒకే పిలుపు పిలవండి. నేను "బో బో బో" అంటూ పాత స్టీలు గిన్నెని చెంచాతో మూడుసార్లు కొడతాను. మొదట్లో మేత చూపించి పిలవాలి, పది పదిహేను రోజులకి ఆ చప్పుడు వింటే చాలు, ఎక్కడున్నా రెక్కలు విదిల్చుకుంటూ వచ్చేస్తాయి. పిలిచినప్పుడల్లా ఏదో ఒకటి పెట్టండి, గుప్పెడు జొన్నలైనా సరే, ఉత్తచేతులతో పిలిచారంటే ఆ పిలుపు విలువ పోతుంది. పిలిచే చోటు గూటి ముందే ఉండాలి, ఎందుకంటే వీధిలో కుక్కల గుంపు కనబడిన రోజు మీరు తొమ్మిదింటినీ ఒక్కొక్కటిగా పట్టుకోలేరు, అవే గూట్లోకి రావాలి.

వాటి భాష కూడా నేర్చుకోండి. గద్ద కనబడితే పుంజు ఒక్క సన్నని పొడుగు కూత వేస్తుంది, అన్నీ ఎక్కడివక్కడ పొదల కింద నక్కుతాయి. కుక్కో పిల్లో ముంగిసో నేల మీద వస్తే అరుపు వేరు, "కట్ కట్ కట్ కటాక్" అని ఆగకుండా, మెడలు నిలువుగా సాచి అన్నీ ఒకేవైపు చూస్తూ అరుస్తాయి. గుడ్డు పెట్టాక అరిచే అరుపూ ఇంచుమించు ఇలాగే ఉంటుంది కానీ అప్పుడు ఒక్కటే మొదలుపెడుతుంది, మిగతావి మేత మానవు. నెల రోజులు చెవిపెట్టి వింటే వంటింట్లో ఉన్నా తేడా తెలిసిపోతుంది. అన్నీ కలిసి అరుస్తున్నట్టు వినబడితే పొయ్యి మీద ఏమున్నా సరే కట్టేసి బయటికి వెళ్లండి.

ఇక గూడు. చాలామంది కోళ్ల జాలీ అని షాపుల్లో అమ్మే పల్చటి ఆరుపలకల తీగ కొంటారు. అది కోళ్లు బయటికి పోకుండా ఆపుతుంది, కుక్క లోపలికి రాకుండా ఆపలేదు. గట్టి కుక్క పళ్లతో పట్టి లాగితే చింపేస్తుంది. వెల్డ్ మెష్ అడగండి, కణుపు కణుపుకీ అతుకు ఉండే ఇనుప జాలీ, కింది రెండడుగులకి అరంగుళం కన్నం ఉన్నది, పైన అంగుళం కన్నమైనా ఫర్వాలేదు. చిన్న కన్నం ఎందుకంటే ముంగిస దూరదు, కుక్క మూతి పెట్టి లోపలున్న కోడి కాలు లాగలేదు. ఖర్చు ఎక్కువే, కానీ ఒక్కసారే.

కుక్క జాలీ చింపలేకపోతే కింద తవ్వుతుంది, అదీ సరిగ్గా జాలీ నేలను తాకే చోటే మొదలుపెడుతుంది. అందుకని గూడు చుట్టూ బయటివైపు రెండడుగుల వెడల్పున జాలీని నేల మీద పరిచి, నిలువు జాలీకి తీగతో కుట్టి, పైన రాళ్లూ మట్టీ కప్పేయండి. నెలలో గడ్డి మొలిచి కనబడకుండా పోతుంది. కుక్క వచ్చి తవ్వుతుంది, గోళ్లకి జాలీ తగులుతుంది, వెనక్కి రెండడుగులు జరిగి తవ్వాలని దానికి తోచదు. మా వారు ముందు అడుగున్నర లోతు కందకం తవ్వి జాలీ పాతుదాం అన్నారు, గోదావరి నల్లమట్టిలో వానాకాలం ఆ పని చేసినవాళ్లకే తెలుస్తుంది, పరవడమే తేలిక.

గూటి అడుగు నేలకి రెండున్నర మూడడుగుల ఎత్తులో ఉంటే ఇంకా మంచిది, కింద గాలి ఆడుతుంది, తేమ ఉండదు. ఒక్కో కోడికి లోపల రెండు చదరపు అడుగుల చోటు చూసుకోండి. తలుపుకి మామూలు గడియ ఒక్కటే పెట్టకండి, కుక్క మూతితో పైకి తోస్తే జారిపోతుంది. గడియకి తోడు ఒక గొళ్లెం, దానికి చిన్న తాళం. పడమట గాలికి తలుపు కొట్టుకుని గడియ ఊడిన రాత్రులు నేను చూశాను.

పిల్లల కోడి ఉంటే గంప కింద కమ్ముతాం కదా, ఆ గంప మీద బరువు పెట్టడం మరిచిపోవద్దు. వెదురు గంపని కుక్క ఒక్క కాలితో తిరగేస్తుంది. మా అత్తయ్య సాయంత్రం కాగానే "అమ్మాయ్, కోళ్లని కమ్మావా, రాయి పెట్టావా" అని రెండూ కలిపే అడుగుతుంది. పాత సన్నికల్లు ఉంటే దానికంటే మంచి బరువు లేదు. పొదిగిన 21 రోజుల తర్వాత వచ్చిన పిల్లలతో ఉన్న తల్లి కుక్క మీదికి కూడా ఈకలు నిక్కబొడుచుకుని దూకుతుంది, ఆ ధైర్యం చూడటానికి బాగుంటుంది కానీ అదే దాని ప్రాణం మీదికి తెస్తుంది, కాబట్టి మొదటి నెల పిల్లల కోడిని మీరు పక్కన లేకుండా వదలొద్దు.

పగలు తిరగడానికి చోటు కావాలి, నాలుగు గోడల మధ్య పెట్టేస్తే అవి దిగాలు పడతాయి. మీరు ఇంట్లో ఉన్న గంటల్లో పెరడంతా వదలండి, బయటికి వెళ్తే జాలీ దడిలోకి తోలండి. గోడ ఐదడుగుల కంటే తక్కువైతే వీధికుక్క ఎగిరి దూకగలదు, గోడ పక్కన ఇసుక కుప్పో ఇటుకలో ఉంటే ఇంకా తేలిక, వాటిని ముందు తీసేయండి. దడి పైన కప్పడానికి మా వైపు రొయ్యల చెరువుల మీద కట్టే పాత వలలు చవగ్గా దొరుకుతాయి. అవి గద్దలకి బాగా పనికొస్తాయి, పక్కలకి మాత్రం కట్టొద్దు, కుక్క కొరికేస్తుంది, కోళ్ల కాళ్లు చిక్కుకుంటాయి. ఇంకొకటి, సంక్రాంతి దగ్గరపడితే మా జిల్లాల్లో పుంజుల కాలికి తాడు కట్టి చెట్టు కింద ఉంచుతారు. తాడున్న పుంజు కుక్క వస్తే ఎగరలేదు, పరుగెత్తలేదు. పెంచుకునే పుంజుని దయచేసి అలా కట్టి వదిలి వెళ్లొద్దు.

సొంత కుక్క ఉన్నవాళ్లకి. కుక్కకి కోడి మీద పగేమీ ఉండదు, రెక్కలు టపటపలాడి పరుగెత్తే దేన్నైనా తరమాలనిపించడం దాని పుట్టుక. కొట్టడం వల్ల అది పోదు, మీరు లేనప్పుడు చెయ్యాలని మాత్రం నేర్చుకుంటుంది. చచ్చిన కోడిని మెడకి కట్టే పాత పద్ధతి కూడా వద్దు, హింస తప్ప దానివల్ల ఏమీ రాదు. మా టైగర్‌ని ఇలా అలవాటు చేశాం: గొలుసు చేతిలో పట్టుకుని, కోళ్లు జాలీ లోపల ఉండగా ఇరవై అడుగుల దూరంలో కూర్చోబెట్టేదాన్ని. కోళ్ల వైపు చూసి, నేను పిలవగానే నా వైపు తిరిగితే వెంటనే ఉడికించిన మాంసం ముక్క. రోజుకి పది నిమిషాలు చాలు. ఒళ్లు బిగబట్టి, చెవులు ముందుకి పెట్టి, కన్నార్పకుండా చూస్తుంటే దూరం సరిపోలేదని అర్థం, వెనక్కి జరగాలి. అలా అలా నెలకి జాలీ పక్కన పడుకునే స్థితికి వచ్చింది. అయినా ఇప్పటికీ టైగర్‌నీ కోళ్లనీ ఇంట్లో మనిషి లేకుండా కలిపి వదలను. ఆడుకుందామని కాలితో తట్టినా కోడి పక్కటెముక విరగడానికి అది చాలు.

కుక్క పట్టేసింది అనుకుందాం. కోడిని లాగొద్దు, లాగితే చర్మం చిరుగుతుంది. కుక్క ముఖం మీద బకెట్ నీళ్లు కొట్టండి, పళ్లెం నేలకేసి కొట్టండి, దుప్పటి దొరికితే తల మీద వేయండి. చేతులు దాని నోటి దగ్గర పెట్టొద్దు. మీకు కరిచినా, గోరు గీరినా సబ్బుతో పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి ఆ రోజే రేబిస్ టీకాకి వెళ్లాలి. కోళ్లకి రేబిస్ భయం పెట్టుకోనక్కర్లేదు, మనుషులకి ఉంది.

కుక్క చుక్కమ్మని వదిలేశాక పైకి ఏమీ కనబడలేదు. ఈకలు తడిసి ఉన్నాయి, అంతే, రక్తం కూడా పెద్దగా లేదు, బతికిపోయింది అనుకున్నాను. ఒళ్లో పెట్టుకుని వీపు మీద ఈకలు పాయలు పాయలుగా విడదీస్తే అప్పుడు కనబడ్డాయి, నాలుగు కన్నాలు, పెన్సిల్ మొనంత, చుట్టూ చర్మం నీలం. కుక్క పంటి గాటు పైకి చిన్నది, లోపల లోతు, అందుకే ఒళ్లంతా ఈకలు తీసి చూడాలి, రెక్కల కింద, తోక మొదట్లో, తొడల మధ్య. కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో చిన్న టీ చెంచాతో చెంచాన్నర ఉప్పు కలిపి, సూది తీసేసిన సిరంజీతో ధారగా కొట్టి కడగండి. తర్వాత బెటాడిన్‌ని పల్చటి టీ రంగు వచ్చేదాకా నీళ్లు కలిపి రాయండి. పసుపు ముద్ద పెట్టి కన్నం మూసేయొద్దు, లోపల చీము పడుతుంది. మనుషుల నొప్పి బిళ్లలు వేయొద్దు.

దెబ్బకంటే ముందు భయానికే కొన్ని కోళ్లు పోతాయి. తురాయి పాలిపోయి, కాళ్లు చల్లబడి, కళ్లు మూతలు పడుతుంటే అట్టపెట్టెలో గోనెగుడ్డ పరిచి చీకటిగా, వెచ్చగా, నిశ్శబ్దంగా ఉంచండి. నోట్లో నీళ్లు పోయొద్దు, నాలుక మొదట్లోనే ఊపిరి గొట్టం ఉంటుంది, అందులోకి పోతాయి. గిన్నె దగ్గర పెడితే తేరుకున్నాక తాగుతుంది. మిగతా కోళ్లతో కలపొద్దు, రక్తం చూస్తే పొడుస్తాయి. ఈగలు వాలనివ్వొద్దు, మన ఎండల్లో ఒక్క రోజులో పురుగు పడుతుంది, పెట్టె మీద దోమతెర కట్టండి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్యం అందుతుంది, కోడే కదా అని మొహమాటపడకుండా చెయ్యండి. లోతు గాటుకి యాంటీబయాటిక్ తప్పదు, ఏది ఎంత ఇవ్వాలో డాక్టరే చెప్పాలి, మందు వాడినన్నాళ్లూ, తర్వాత డాక్టరు చెప్పినన్ని రోజులూ ఆ కోడి గుడ్లు తినొద్దు.

ఒకసారి వచ్చిన కుక్క మళ్లీ వస్తుంది. మా ఇంటికి మూడో రోజు అదే వేళకి వచ్చింది. కోపం నాకూ వచ్చింది, చాలా వచ్చింది. కానీ విషం పెట్టడం, దడికి ఇంటి కరెంటు తగిలించడం వద్దు. విషం తిన్నది ఆ కుక్కే కావాలని లేదు, కరెంటు తీగకి చెయ్యి తగిలేది పక్కింటి పిల్లాడైనా కావచ్చు, రెండూ నేరాలే. 2023 నాటి నిబంధనల ప్రకారం వీధికుక్కలకి ఆపరేషన్, టీకా చేసి సాధారణంగా పట్టిన చోటే వదలాలి, కాబట్టి ఫిర్యాదు చేయండి, కానీ దాని మీదే ఆధారపడి గూడు పని వాయిదా వేయొద్దు. కోడి కోసిన వ్యర్థాలు, ఈకలు, గుడ్డు పెంకులు పెరట్లో పారేయడం మానేయండి, ఆ వాసనే దారి చూపిస్తుంది. వీధికుక్కకి అన్నం పెట్టే అలవాటుంటే మీ గేటు దగ్గర మాత్రం పెట్టకండి. పెంపుడు కుక్క అయితే యజమానితో మెల్లగా మాట్లాడండి. "అన్నయ్యగారూ, మధ్యాహ్నం పూట కాస్త కట్టేసి ఉంచండి, మా కోళ్లు బయట తిరుగుతుంటాయి" అని నష్టం జరగకముందే చెబితే వినే మనిషి, జరిగాక గొడవకి వెళ్తే వినడు.

చుక్కమ్మ పదకొండు రోజులు పెట్టెలో ఉంది. నాలుగో రోజు నా వేలి మీద అంటుకున్న నూక ఒక్కటి పొడిచింది, అప్పుడు ఏడ్చాను. రెండు నెలలకి పైగా గుడ్డు పెట్టలేదు, వీపు మీద ఈకలు ఊడి పిన్నుల్లాంటి కొత్తవి వచ్చాయి, గేటు చప్పుడైతే ఇప్పటికీ జామచెట్టు వైపు పరుగెత్తుతుంది, నేను దాన్ని ఆపను. సాయంత్రం ఐదున్నరకి గిన్నె కొడతాను. గూట్లోకి వెళ్లేటప్పుడు ఒక్కొక్కదాన్నీ పేరు పెట్టి లెక్కపెడతాను, తొమ్మిదీ వచ్చాకే గొళ్లెం, ఆ తర్వాత తాళం.