పిల్లలకు మయోఫంక్షనల్ థెరపీ: ఎలా మొదలుపెట్టాలి, ఖర్చు ఎలా తగ్గించుకోవాలి?

నోటితో ఊపిరి పీల్చే పిల్లలకు, గుటక వేసినప్పుడల్లా నాలుకతో ముందు పళ్ళను నెట్టే పిల్లలకు డెంటిస్టులు, స్పీచ్ థెరపిస్టులు ఈ థెరపీ సూచిస్తుంటారు. నోటి కండరాలకు కొత్త అలవాటు నేర్పే వ్యాయామాలివి. ఊరికే ఉన్నప్పుడు పెదవులు మూసి ఉండాలి, నాలుక అంగిలికి ఆని ఉండాలి, ఊపిరి ముక్కుతో ఆడాలి, గుటకలో నాలుక పళ్ళను తోయకూడదు. సాధించాల్సినవి ఈ నాలుగే. సామగ్రికి పెద్దగా ఖర్చుండదు, డబ్బంతా నిపుణుల సమయానికే పోతుంది. కాబట్టి ఏది ముందు, ఏది తర్వాత అన్న వరస తప్పకపోతే సగం పొదుపు అక్కడే జరుగుతుంది.

1. ముందు ముక్కు సంగతి తేల్చుకోండి

పిల్లవాణ్ణి కదలకుండా కూర్చోబెట్టి, పెదవులు మూసి రెండు మూడు నిమిషాలు ముక్కుతోనే ఊపిరి పీల్చమనండి. ఆయాసపడినా, మధ్యలో నోరు తెరిచినా బలవంతం చేయకుండా ఆపేసి ఈఎన్‌టీ డాక్టరుకు చూపించండి. అడినాయిడ్స్ (ముక్కు వెనక, గొంతు పైభాగంలో ఉండే మెత్తని కండ) పెరగడం, టాన్సిల్స్ పెద్దవి కావడం, అలర్జీతో ముక్కు దిబ్బడ వేయడం పిల్లల్లో తరచూ కనిపించే కారణాలు. ముక్కు మూసుకుపోయిన పిల్లవాడు నోరు మూయలేడు. ఆ స్థితిలో థెరపీకి కట్టిన ఫీజు వృథా. పెదవులకు టేపు అంటించడం వృథా మాత్రమే కాదు, ప్రమాదం కూడా.

రోజూ గురక పెట్టడం, నిద్రలో ఊపిరి ఆగి ఉలిక్కిపడడం, పగలు మగతగానో మరీ చిరాకుగానో ఉండడం గమనిస్తే నిద్ర పరీక్ష గురించి అడగండి. 2015లో వచ్చిన ఒక పరిశోధనా సమీక్ష ప్రకారం ఈ వ్యాయామాలతో పిల్లల్లో నిద్రలో వచ్చే శ్వాస అంతరాయాలు సుమారు 62 శాతం తగ్గాయి. కానీ ఆ లెక్కలో ఉన్న పిల్లలు 25 మందే. అందుకని దీన్ని డాక్టరు చెప్పిన చికిత్సకు తోడుగా తీసుకోండి, దాని బదులుగా వద్దు.

2. ఎవరితో, ఏ వయసులో

చెప్పింది విని అద్దంలో చూసి అనుకరించగల వయసు రావాలి. చాలామందికి నాలుగైదేళ్ళ తర్వాతే అది కుదురుతుంది. అంతకంటే చిన్నవాళ్ళకు పాలపీక, వేలు చప్పరించే అలవాటు మాన్పించడం, ముక్కు బాగు చేయించడం చాలు.

థెరపిస్టు మొదటి పరీక్షలో నాలుక కింది పొర బిగువు, పళ్ళ అమరిక, గుటక, నమలడం అన్నీ చూడాలి. పొర కత్తిరించాలంటే వెంటనే ఒప్పుకోకండి, రెండో అభిప్రాయం తీసుకోండి. నిజంగా అవసరమైతే కత్తిరింపుకు ముందూ తర్వాతా వ్యాయామాలు ఉండాలి. ఇక పలకడంలో తప్పుల కోసమే ఈ థెరపీ కొనకండి. నాలుకను ఆడించినంత మాత్రాన శబ్దం సరిగా రాదు, ఆ శబ్దాన్నే పలికిస్తూ చేసే స్పీచ్ థెరపీ కావాలి.

3. ఇంట్లో సాధన

వ్యాయామాల వరసను థెరపిస్టు నిర్ణయిస్తారు. మామూలుగా ఒక్కోసారి ఐదు నుంచి పది నిమిషాలు, రోజుకు రెండు మూడు సార్లు చేయాలి. ఎక్కువమందికి ఇచ్చేవి ఇవి:

- నాలుక చోటు: పై ముందు పళ్ళ వెనక, చిగురు మీద చిన్న ఉబ్బు తగులుతుంది. నాలుక కొన అక్కడ ఉండాలి, పళ్ళకు తగలకూడదు.
- టక్ శబ్దం: నాలుక మొత్తాన్ని అంగిలికి అతికించి, నోరు తెరిచి, టక్కున వదలాలి. పిల్లలు నాలుకకు బదులు దవడ ఆడిస్తుంటారు. గడ్డం కింద వేలు పెట్టి చూస్తే తెలిసిపోతుంది.
- గుండీ: రెండున్నర సెంటీమీటర్ల గుండీకి గట్టి దారం కట్టి, పళ్ళకూ పెదవులకూ మధ్య పెట్టి మెల్లగా లాగండి. పెదవులతోనే పది సెకన్లు ఆపాలి, ఇలా ఐదు సార్లు. దారం కొస ఎప్పుడూ పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి.
- నీటి గుటక: నాలుకను దాని చోట పెట్టి, కొంచెం నీళ్ళు తీసుకుని, వెనక పళ్ళు కలిపి, పెదవులు కాస్త విడదీసి మింగాలి. నీళ్ళు ముందుకు కారినా, గడ్డం ముడతలు పడినా నాలుక ఇంకా నెడుతున్నట్టే.

అందరి చూపూ గుటక మీదే ఉంటుంది. అయితే రోజంతా వేసే గుటకల సమయం కలిపితే నిమిషాలే, నాలుక ఊరికే ఉండే సమయం గంటలు. పళ్ళను జరిపేది ఆ గంటల తరబడి పడే మెల్లని ఒత్తిడే. అందుకే వ్యాయామం బాగా చేసి, టీవీ ముందు నోరు తెరుచుకు కూర్చునే పిల్లవాడికి ఫలితం కనిపించదు. బల్ల మీద, అద్దం పక్కన, పుస్తకాల మీద రంగు చుక్కలు అంటించి, చూసినప్పుడల్లా పెదవులు మూసి నాలుక చోటు సరిచూసుకోమనండి. తిట్టి గుర్తు చేస్తే వారంలో విసిగిపోతారు.

మొత్తం ఆరు నెలల నుంచి ఏడాది దాకా పట్టవచ్చు. కాస్త మెరుగు కనిపించగానే మూడో నెలలో మానేస్తే పాత అలవాటు తిరిగొస్తుంది. పళ్ళకు క్లిప్పులు వేయించిన పిల్లల్లో అయితే సర్దిన పళ్ళు మళ్ళీ జరిగిపోవచ్చు.

4. ఖర్చు

పరీక్షకు, సెషన్లకు విడివిడిగా, రాతపూర్వకంగా అంచనా అడగండి. మొదట్లో వారానికోసారి వెళ్ళాలి. సాధన గాడిలో పడ్డాక పక్షానికి, తర్వాత నెలకోసారి చాలునా అని నేరుగా అడగండి. మొదటి పరీక్ష ఎదుటే జరిగితే మిగతా కొన్ని వీడియోలో కుదురుతాయి, ప్రయాణ ఖర్చు మిగులుతుంది. స్పీచ్ థెరపీ, డెంటల్ కాలేజీల శిక్షణ క్లినిక్‌లలో ఫీజు తరచూ తక్కువగా ఉంటుంది, అక్కడ విద్యార్థులు అధ్యాపకుల పర్యవేక్షణలోనే చేస్తారు. ఆదాయాన్ని బట్టి తగ్గింపు, బృంద సెషన్లు ఉన్నాయేమో అడగడానికి మొహమాటపడకండి.

బీమా ఉంటే వైద్య బీమా, దంత బీమా రెండింటినీ విచారించండి. థెరపీ మొదలుకాకముందే అనుమతి కోరండి. దరఖాస్తుకు జతచేసే డాక్టరు లేఖలో సమస్య పేరు, దానివల్ల తినడంలో, నిద్రలో, పళ్ళలో వచ్చిన ఇబ్బంది, కావాల్సిన సెషన్ల సంఖ్య స్పష్టంగా ఉండాలి. తిరస్కరిస్తే కారణం రాతలో తీసుకుని అప్పీలు చేయండి.

మొత్తం ప్యాకేజీకి ముందే డబ్బు కట్టమంటే, మధ్యలో ఆపితే మిగిలిన సెషన్ల సొమ్ము తిరిగి ఇస్తారా అని అడిగి, ఆ జవాబును కూడా రాయించుకోండి.