లాలాజలంలోని ప్రొటీన్లు, జన్యు ప్రతిలేఖాలు – ఐదవ పాఠం: పైతేటలో మిగిలిపోయిన కణాలు

ప్రతిలేఖాలను, అంటే జన్యువుల నుంచి తయారయ్యే ఆర్‌ఎన్‌ఏ నకళ్లను, లెక్కగట్టే పద్ధతిని ఈ పాఠంలో మొదలుపెడదామని గతసారి చెప్పాను. కానీ హైదరాబాదు విద్యార్థులు పంపిన జెల్ చిత్రాల్లో (డీఎన్‌ఏ ముక్కలు పొడవును బట్టి పట్టీలుగా విడిపోయి కనిపించే చిత్రాలు) ఎక్కువ భాగం ఒకే లోపాన్ని చూపుతున్నాయి. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ కలపని గొట్టంలో కూడా, దాదాపు అన్ని కణాల్లో పనిచేసే జీఏపీడీహెచ్ అనే జన్యువు పట్టీ స్పష్టంగా కనిపిస్తోంది. ఆ ఎంజైము లేనిదే ఆర్‌ఎన్‌ఏ నుంచి డీఎన్‌ఏ ప్రతి తయారు కాదు కనుక, ఆ పట్టీ కణాల జన్యు డీఎన్‌ఏ నుంచే వచ్చింది. దీన్ని సరిచేయకుండా లెక్కల్లోకి వెళ్లడం నాకు ఇష్టం లేదు.

లోపం సెంట్రిఫ్యూజ్ (నమూనాను వేగంగా తిప్పి కణాలను అడుగుకు దించే యంత్రం) దగ్గర మొదలైంది. 2600 జీ బలంతో, 4 డిగ్రీల సెల్సియస్ వద్ద, 15 నిమిషాలు తిప్పమని రాశాను. చాలామంది యంత్రం మీద 2600 ఆర్‌పీఎం పెట్టారు. జీ అనేది నమూనా మీద పడే బలం భూమ్యాకర్షణకు ఎన్ని రెట్లో చెబుతుంది. ఆర్‌పీఎం రోటర్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతుందో మాత్రమే చెబుతుంది. సెంటీమీటర్లలో కొలిచిన వ్యాసార్థాన్ని చుట్ల సంఖ్య వర్గంతో గుణించి, దాన్ని మళ్లీ 0.00001118తో గుణిస్తే జీ విలువ వస్తుంది. వ్యాసార్థం 10 సెంటీమీటర్లయితే 2600 చుట్లకు వచ్చే బలం సుమారు 756 జీ, అంటే కావలసినదానిలో మూడోవంతు కూడా లేదు. అదే రోటర్‌లో 2600 జీ రావాలంటే దాదాపు 4820 చుట్లు కావాలి. 8 సెంటీమీటర్ల రోటర్‌కు సుమారు 5390, 16 సెంటీమీటర్ల రోటర్‌కు సుమారు 3810. వ్యాసార్థాన్ని ఇరుసు మధ్య నుంచి గొట్టం అడుగు వరకు కొలవాలి, మూత వరకు కాదు. యంత్రం పక్కన అంటించిన పట్టికను నమ్మవద్దు, అది ఎప్పుడో మార్చేసిన రోటర్‌ది కావచ్చు. రోటర్ వివరం లేకుండా ఆర్‌పీఎం ఒక్కటే నోటుపుస్తకంలో రాసుకుంటే, ఆ ప్రయోగాన్ని మరొకరు తిరిగి చేయలేరు. ఈ అలవాటును ఇప్పుడే మానుకోవాలని గట్టిగా కోరుతున్నాను.

బలం తగ్గితే నోటి పొర కణాలు, తెల్ల రక్తకణాలు, బాక్టీరియా పైతేటలోనే, అంటే తిప్పాక పైన తేలే ద్రవంలోనే, ఉండిపోతాయి. ఆ పైతేటను మైనస్ 80 డిగ్రీల వద్ద గడ్డకట్టిస్తే మంచు స్ఫటికాలు కణపొరలను చీల్చుతాయి, కరిగించినప్పుడు లోపలి డీఎన్‌ఏ, ఆర్‌ఎన్‌ఏ, ప్రొటీన్లు అన్నీ ద్రవంలో కలిసిపోతాయి. తిప్పకముందే గడ్డకట్టించినా జరిగేది ఇదే. కోఠి వైపు దంత వైద్యశాలలో సేకరించిన నమూనాను తార్నాక వైపు ప్రయోగశాలకు తీసుకువెళ్లేవారు, మే నెల ఎండకు భయపడి నమూనాను గడ్డకట్టించే పొడి మంచు (డ్రై ఐస్) వాడవద్దు. మామూలు ఐసు ముక్కల్లో ఉంచి, చేరగానే తిప్పండి. 2004లో లాస్ ఏంజలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డేవిడ్ వాంగ్ బృందం కణరహిత లాలాజలంలో ఒక్కొక్కరికి సుమారు 3000 రకాల మానవ ప్రతిలేఖాలను గుర్తించింది. కణాలను తొలగించడం మీదే ఆ ఫలితం అర్థమంతా ఆధారపడి ఉంది.

ఇంట్రాన్‌కు (ప్రతిలేఖం నుంచి తొలగిపోయే జన్యు భాగానికి) అటూ ఇటూ ఉన్న ఎగ్జాన్ల (ప్రతిలేఖంలో మిగిలే భాగాల) మీద ప్రైమర్లు (పీసీఆర్‌లో ప్రతులు పెంచే విస్తరణను మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలు) పెట్టాం కదా, జన్యు డీఎన్‌ఏ ఎలా విస్తరించిందని కొందరు అడిగారు. జీఏపీడీహెచ్‌కు మన జన్యుపదార్థంలో ఇంట్రాన్లు లేని మిథ్యాజన్యువులు పదుల సంఖ్యలో ఉన్నాయి. పూర్వం ఎప్పుడో ప్రతిలేఖాలే తిరిగి డీఎన్‌ఏగా మారి జన్యుపదార్థంలో చేరిపోయిన నకళ్లవి. వాటి నుంచి వచ్చే పట్టీ అసలు ప్రతిలేఖం పట్టీతో సమానమైన పొడవులోనే ఉంటుంది. బీటా ఆక్టిన్ జన్యువుతోనూ ఇదే చిక్కు. కాబట్టి డీఎన్‌ఏను కోసేసే ఎంజైమైన డీఎన్‌ఏజ్ చర్య తప్పనిసరి. దాన్ని వేడితో ఆపేముందు, మెగ్నీషియంను పట్టి ఉంచే ఈడీటీఏ కలపండి, లేకపోతే మెగ్నీషియం సమక్షంలో వేడికి ఆర్‌ఎన్‌ఏ తునకలవుతుంది.

ప్రొటీన్ల వైపు చూసినా ఇదే లోపం కణాల లోపలి ప్రొటీన్లైన ఆక్టిన్, కెరటిన్ల పెరుగుదలగా బయటపడుతుంది. లాలాజలంలో సమృద్ధిగా ఉండి, పిండిపదార్థానికి అంటుకునే ఆమైలేజ్ పట్టీ పక్కనున్నవాటిని కప్పేస్తే నమూనాను పిండిపదార్థపు కాలమ్ గుండా పంపడం నేను ఇష్టపడే మార్గం. 2008లో ప్రకటించిన, లాలాజల గ్రంథుల నుంచి నేరుగా సేకరించిన లాలాజలపు జాబితాలో 1166 ప్రొటీన్లు ఉన్నాయి. మీ జాబితాలో ఆవుపాల ప్రొటీనైన కేసీన్ కనిపిస్తే మాత్రం దాత ఇరానీ చాయ్ తాగి గంట కాకముందే నమూనా ఇచ్చారేమో విచారించండి.

అభ్యాసం: ఒకే దాత నమూనాను మూడు భాగాలు చేయండి. ఒకదాన్ని 2600 జీ వద్ద, రెండవదాన్ని 2600 ఆర్‌పీఎం వద్ద తిప్పి, పైతేటలను మైనస్ 80లో రాత్రంతా ఉంచండి. మూడవదాన్ని తిప్పకుండానే గడ్డకట్టించి, మర్నాడు కరిగించి 2600 జీ వద్ద తిప్పండి. మూడింటి నుంచీ ఆర్‌ఎన్‌ఏ తీసి, డీఎన్‌ఏజ్‌తోనూ అది లేకుండానూ, రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్‌తోనూ అది లేకుండానూ జీఏపీడీహెచ్ విస్తరణ చేయండి. మొత్తం పన్నెండు గొట్టాలు, నీటి గొట్టం అదనం. రివర్స్ ట్రాన్స్‌క్రిప్టేజ్ లేని గొట్టం అది ఉన్నదానికంటే పది చక్రాలు (ఒక్కో చక్రంలో ప్రతులు రెట్టింపవుతాయి) ఆలస్యంగా కనిపిస్తే, డీఎన్‌ఏ వాటా సుమారు వెయ్యోవంతు. ఏ భాగంలో ఎన్ని చక్రాల తేడా వచ్చిందో, మీ రోటర్ వ్యాసార్థంతో సహా రాసి పంపండి.