అనుమతి లేని యుద్ధంపై చర్చ: రచ్చ కాకుండా ఎలా నడపాలి?

2003 మార్చి చివర్లో హనుమకొండలో ఒక చర్చాగోష్ఠి పెట్టాం. ఇరాక్ మీద బాంబులు పడుతున్న రోజులు. ‘భద్రతామండలి ఒప్పుకోకపోయినా అగ్రరాజ్యం యుద్ధానికి దిగవచ్చా?’ అని కరపత్రం అచ్చు వేయించాం. అరవై మంది దాకా వచ్చారు. రెండు గంటల సేపు గొంతులు పోయేలా వాదించుకున్నారు. కాకపోతే ఆ వాదనంతా ఇరాక్ పాలకుడు సద్దాం మంచివాడా, అమెరికా అధ్యక్షుడు బుష్ మంచివాడా అన్నదాని మీదే. కరపత్రంలోని ప్రశ్నను ఒక్కరూ ముట్టుకోలేదు. అధ్యక్షత వహించింది నేనే కాబట్టి తప్పు ఇంకొకరి మీద వేయలేను.

ఆ తర్వాత ఇదే విషయం మీద వరంగల్‌లో, జగిత్యాలలో, ఒకసారి కరీంనగర్‌లో హాస్టల్ డాబా మీద చర్చలు నడిపాను. దెబ్బ తిని నేర్చుకున్న పద్ధతి ఇది. ఇరవై మంది, ఒక నల్లబల్ల, రెండు గంటల సమయం ఉంటే చాలు.

1. నల్లబల్లను మూడు గడులు చేయండి

రెండు నిలువు గీతలు గీసి, గడికొక మాట రాయండి: చట్టం, న్యాయం, ఫలితం. మాట్లాడటానికి లేచినవారు ముందు ఏ గడిలో మాట్లాడుతున్నారో చెప్పాలి. ‘ఆ నియంతను దించడం తప్పా?’ అనేది న్యాయం. ‘దించే హక్కు ఎవరిచ్చారు?’ అనేది చట్టం. ‘దించాక ఆ దేశం ఏమైంది?’ అనేది ఫలితం. మూడింటికీ ఒకే జవాబు రావాలని లేదు. 1999లో నాటో కూటమి మండలి అనుమతి లేకుండానే యుగోస్లావియా మీద 78 రోజులు బాంబులు వేసింది. అప్పట్లో ఆ దేశంలో భాగమైన కొసావోలో జరిగినదాన్ని విచారించిన స్వతంత్ర అంతర్జాతీయ సంఘం ఆ దాడి చట్టవిరుద్ధమేనని, అయినా సమర్థనీయమేనని తేల్చింది. ఈ ఒక్క ఉదాహరణ చెబితే గడులు ఎందుకని మళ్లీ ఎవరూ అడగరు.

2. మూడు అధికరణలు చీటీల మీద రాసి పంచండి

ఐక్యరాజ్యసమితి ఛార్టర్‌లో 111 అధికరణలు ఉన్నాయి. మీ చర్చకు కావలసినవి ప్రధానంగా మూడే. రెండో అధికరణలోని నాలుగో క్లాజు: ఏ దేశమూ మరో దేశం మీద బలప్రయోగం చేయకూడదు, చేస్తామని బెదిరించనూ కూడదు. 42వ అధికరణ: శాంతి కోసం అవసరమైతే భద్రతామండలి సైనిక చర్య తీసుకోవచ్చు. 51వ అధికరణ: సాయుధ దాడి జరిగితే, మండలి రంగంలోకి దిగే దాకా ఆత్మరక్షణ చేసుకునే హక్కు ప్రతి దేశానికీ ఉంది, తీసుకున్న చర్యను వెంటనే మండలికి తెలియజేయాలి.

చీటీ అందుకున్నవారు దాన్ని పైకి చదివి, తమ మాటల్లో మళ్లీ చెప్పాలి. ఇక్కడ తొందరపడకండి, ముఖ్యంగా 51 దగ్గర. గడియ ఊడిన తలుపులాంటిది అది. ఎవరు వచ్చినా దాన్నే తోసుకుని లోపలికి వస్తారు. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద దాడి ప్రకటిస్తూ పుతిన్ చెప్పుకున్నదీ ఈ అధికరణ పేరే. అందుకని ఒక్క మాట కింద గీత గీయించండి: ‘దాడి జరిగితే’. ‘జరుగుతుందేమోనన్న అనుమానం ఉంటే’ అని అక్కడ లేదు. అరగంట వాదన ఈ గీత చుట్టూనే తిరిగినా నష్టం లేదు.

మండలిలో ఓట్ల లెక్క కూడా ఇప్పుడే చెప్పేయండి. మొత్తం 15 దేశాలు. తీర్మానం నెగ్గాలంటే 9 ఓట్లు రావాలి. ఐదు శాశ్వత సభ్య దేశాల్లో (అమెరికా, రష్యా, చైనా, బ్రిటన్, ఫ్రాన్స్) ఏ ఒక్కటీ వ్యతిరేకంగా ఓటు వేయకూడదు. అలా వేసి ఆపడాన్నే వీటో అంటారు. ఉక్రెయిన్ దాడి మొదలైన మర్నాడు దాన్ని ఖండించే తీర్మానానికి 11 ఓట్లు వచ్చాయి. రష్యా ఒక్కటే వద్దంది, తీర్మానం వీగిపోయింది. చైనా, యూఏఈలతో పాటు మన దేశం ఓటింగుకు దూరంగా ఉంది. జగిత్యాలలో ఈ లెక్క చెప్పగానే ఒక పెద్దాయన, ‘గొడవ పెట్టుకున్నవాడే పెద్దమనిషిగా కూర్చునే పంచాయితీ అన్నమాట’ అన్నారు. అంతకంటే బాగా నేను చెప్పలేకపోయాను.

3. రెండు తీర్మానాలను పక్కపక్కన పెట్టి చదివించండి

పది యుద్ధాల పేర్లు ఏకరువు పెట్టనివ్వకండి. ఇరాక్ మీద వచ్చిన రెండు తీర్మానాలు చాలు.

మొదటిది 678. తేదీ 1990 నవంబరు 29. ఇరాక్ సేనలు కువైట్‌ను ఆక్రమించి అప్పటికి దాదాపు నాలుగు నెలలు. 1991 జనవరి 15లోగా వెళ్లిపోకపోతే ‘అవసరమైన అన్ని మార్గాలనూ’ వాడవచ్చని కువైట్‌కు తోడుగా నిలిచిన దేశాలకు మండలి అధికారం ఇచ్చింది. అనుకూలంగా 12 ఓట్లు. వ్యతిరేకించినవి క్యూబా, యెమెన్. చైనా ఎటూ ఓటు వేయలేదు. దౌత్య భాషలో ఆ ‘అన్ని మార్గాలు’ అన్న మాటకు అర్థం తుపాకీ అనే.

రెండోది 1441. తేదీ 2002 నవంబరు 8. పదిహేనుకు పదిహేను ఓట్లు వచ్చాయి. కానీ అందులో ‘అన్ని మార్గాలు’ లేవు. ఆయుధాల విషయంలో ఇరాక్ మాట వినకపోతే ‘తీవ్ర పరిణామాలు’ ఎదుర్కోవలసి వస్తుందన్న హెచ్చరిక మాత్రమే ఉంది. ఓటు వేసిన రోజునే అమెరికా రాయబారి కూడా, బలప్రయోగానికి ఈ తీర్మానంలో దాచిపెట్టిన మీట ఏదీ లేదన్నట్టుగా మాట్లాడాడు.

రెండు కాగితాలనూ ఇద్దరి చేత ఒకరి తర్వాత ఒకరు చదివించండి. తేడా చెవికి దానంతట అదే తెలుస్తుంది. తర్వాత ఈ ప్రశ్న వేయండి: 1441 సరిపోయేదే అయితే అమెరికా, బ్రిటన్, స్పెయిన్ 2003లో మరో తీర్మానం కోసం ఎందుకు తిరిగాయి? ఓట్లు రావని తేలాక మార్చి 17న దాన్ని పక్కన పెట్టి, మూడు రోజులు తిరగకుండానే యుద్ధం ఎందుకు మొదలైంది? రెండో పక్షం వాదనను కూడా మింగేయకండి. 1441తో పాత 678కే మళ్లీ ప్రాణం వచ్చిందని బ్రిటన్ అటార్నీ జనరల్ సలహా ఇచ్చాడు. నాకు అది చెల్లిపోయిన చెక్కును బ్యాంకులో వేయడంలా కనిపిస్తుంది. అయినా దాన్ని గట్టిగా సమర్థించగలిగేవారు ఉంటే సభ రక్తి కడుతుంది. 2004 సెప్టెంబరులో ఆనాటి ప్రధాన కార్యదర్శి కోఫీ అన్నన్ ఆ యుద్ధం ఛార్టర్ ప్రకారం చట్టవిరుద్ధమని అన్నారు. ఆ సంగతిని చివరికి దాచుకోండి. ముందే చెబితే వాదన అక్కడితో ఆగిపోతుంది.

4. అదే కొలబద్దతో మన ఇల్లు కొలవండి

సభలో సద్దు మణిగేది ఇక్కడే. మనం కూర్చున్న ఈ నేల పేరు కూడా ఒకప్పుడు భద్రతామండలి కార్యక్రమ పట్టికలోకి ఎక్కింది. 1948 ఆగస్టులో నిజాం ప్రభుత్వం భారతదేశం మీద మండలికి ఫిర్యాదు చేసింది. సెప్టెంబరు 13న భారత సేనలు హైదరాబాద్ రాజ్యంలోకి అడుగుపెట్టాయి. 16న పారిస్‌లో మండలి ఆ ఫిర్యాదును చేపట్టింది. 17న నిజాం కాల్పుల విరమణ ప్రకటించాడు. ఇంకొద్ది రోజులకు, ఫిర్యాదు వెనక్కి తీసుకుంటున్నానని కబురు పంపాడు. హైదరాబాద్ స్వతంత్ర దేశం కాదు, ఇది మా ఇంటి సంగతి అన్నది భారతదేశం వాదన. అందుకే దాని పేరు యుద్ధం కాలేదు, ‘పోలీసు చర్య’ అయింది. రజాకార్ల దాడుల కథలు వింటూ పెరిగిన వరంగల్ ఇళ్లలో దీన్ని తప్పనేవారు తక్కువ. నేనూ అనను. కానీ అగ్రరాజ్యాలూ తమ యుద్ధాలకు ముద్దుపేర్లు పెట్టుకుంటాయని ఒక అమ్మాయి లేచి అన్నప్పుడు, దాటవేయకుండా జవాబు చెప్పాలి.

తర్వాత 1961 గోవా. పోర్చుగీసు పాలనలో ఉన్న గోవాలోకి భారత సేనలు వెళ్లాయి. దాని మీద వచ్చిన తీర్మానాన్ని సోవియట్ వీటో ఆపింది. తర్వాత 1971 బంగ్లాదేశ్ యుద్ధం. డిసెంబరు 3న పాకిస్తాన్ మన వైమానిక స్థావరాల మీద బాంబులు వేసింది, కాబట్టి 51వ అధికరణ మన వైపే ఉందని నా నమ్మకం. అయితే కాల్పులు ఆపి సైన్యాలను వెనక్కి పిలవాలని సమితి సర్వప్రతినిధి సభ డిసెంబరు 7న చెప్పినప్పుడు 104 దేశాలు అటు, 11 మాత్రమే మన వైపు. ఆ అంకెలను నల్లబల్ల మీద రాసి కాసేపు అలాగే ఉంచండి. మండలిలో అప్పుడూ మనల్ని కాచింది సోవియట్ వీటోయే. మనకు కలిసొచ్చినప్పుడు వీటో మంచిదీ, ఇతరులకు కలిసొచ్చినప్పుడు చెడ్డదీ ఎలా అవుతుందని ఎవరో ఒకరు అడుగుతారు. అడగకపోతే మీరే అడగండి.

2003 జులై 14న మన ప్రభుత్వం తీసుకున్న నిర్ణయాన్ని కూడా ఈ భాగంలోనే చేర్చండి. ఇరాక్‌కు సైన్యాన్ని పంపమని అమెరికా అడిగింది. సమితి ఆదేశం స్పష్టంగా ఉంటే ఆలోచిస్తామని చెప్పి, ఢిల్లీ పంపలేదు.

5. పక్షాలు మార్చండి

గంట దాటాక అటువారిని ఇటు, ఇటువారిని అటు కూర్చోబెట్టండి. గొణుగుతారు, వినకండి. ‘అనుమతి అక్కర్లేదు’ అనవలసి వచ్చినవారికి 1994 రువాండా చేతికివ్వండి. ఊచకోత మొదలయ్యాక మండలి అక్కడున్న శాంతి దళాన్ని పెంచకపోగా 270 మందికి కుదించింది. లక్షల మంది చనిపోయారు. ‘అనుమతి ఉండాల్సిందే’ అనేవారికి ఇది గొంతులో ముల్లు. వారికి ఊతంగా 2011 లిబియా ఇవ్వండి. పౌరులను కాపాడటానికని మండలి ఇచ్చిన అనుమతి, ఆ దేశ పాలకుడు గడాఫీ పతనం దాకా సాగింది. అనుమతి ఉన్నా సాగదీస్తారు, ఇక అదీ లేకపోతే ఎలా అని వారు వాదించవచ్చు.

6. ఒక కుర్చీ గల్ఫ్ నుంచి వచ్చినవారికి ఉంచండి

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు ఏ ఊరికి వెళ్లినా దొరుకుతారు. 1990లో కువైట్ నుంచి జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా విమానాల్లో ఇంటికి చేరిన భారతీయులు లక్షకు పైనే. అలా వచ్చిన ఒకాయన మా సభలో ఎక్కువ మాట్లాడలేదు. ఎడారి దారిలో బస్సులో పక్కన కూర్చున్నవాడి నీళ్ల సీసాలో తనకెంత మిగిలిందో వేలితో కొలిచి చూపించాడు. రెండు వేళ్ల మందం. ఒక్క విషయం సరిచూసుకోండి: ఆయనను రోడ్డున పడేసింది అగ్రరాజ్యం కాదు, ఎవరి అనుమతీ లేకుండా పొరుగు దేశంలోకి జొరబడిన సద్దాం సేన. ఈ తేడా చెప్పకపోతే సభ మళ్లీ 2003లోకి జారుతుంది.

7. ఓటు రెండుసార్లు తీసుకోండి

మొదలుపెట్టే ముందు ఒకసారి, ముగిశాక ఒకసారి, పేరు లేని చీటీల మీద. గెలిచిన పక్షం పేరు చదవకండి, మనసు మార్చుకున్నవారి సంఖ్య చదవండి. రెండు చీటీల మీదా ఒకే అంకె వేయించుకుంటే పోల్చడం తేలిక. కిందటిసారి ఇరవై మూడు మందిలో ఆరుగురు మారారు, నలుగురు అటు నుంచి ఇటు, ఇద్దరు ఇటు నుంచి అటు. ఒక చీటీలో మాత్రం అవును, కాదు రెండూ కొట్టేసి ‘ఏ గడిలో?’ అని రాసి ఉంది. చాయ్, మిర్చి బజ్జీలు లెక్కింపు అయ్యాకే తెప్పించండి. ముందే వస్తే చీటీల మీద నూనె మరకలు పడతాయి, రాసింది కనబడదు.