అప్‌డేట్ చేశాక ట్యాబ్ మొరాయిస్తోందా? రీసెట్ కొట్టే ముందు ఇవి చేసి చూడండి

పోయిన వేసవిలో కళ్యాణదుర్గం దగ్గర పల్లె నుంచి మా చిన్నాయన అనంతపురం వచ్చాడు. రాత్రి ట్యాబ్‌లో ఏదో అప్‌డేట్ అడిగితే సరే అని నొక్కి పడుకున్నాడట. తెల్లారి చూస్తే వైఫై కనెక్ట్ కావడం లేదు. ట్యాబ్ కాలుతోంది, మధ్యాహ్నానికే ఛార్జింగ్ సగం అయిపోయింది. నేను ఆఫీసులో ఉన్నానని, నన్ను ఇబ్బంది పెట్టడం ఎందుకని ఆయనే ఒక మొబైల్ షాపుకు పోయాడు. వాళ్లు "సాఫ్ట్‌వేర్ పోయింది, రీసెట్ కొట్టాల" అన్నారు, పది నిమిషాల్లో కొట్టేశారు.

ట్యాబ్ బాగైంది. కానీ నాలుగేళ్ల శనక్కాయల తూకం చీటీల ఫోటోలు, మోటారు రిపేరు బిల్లులు, అన్నిటికన్నా ముఖ్యంగా చనిపోయిన మా అవ్వ మాటల రికార్డింగులు అన్నీ పోయాయి. ఆ రాత్రి చిన్నాయన అన్నం సరిగా తినలేదు. ఆ వైఫై సమస్య రెండు నిమిషాల్లో తీరేది, ఒక్క ఫోటో కూడా పోనవసరం లేదు. అందుకే ఇది రాస్తున్నాను. కింద చెప్పిన వరుసలోనే చేయండి, ముందుదాన్ని వదిలేసి వెనకదానికి పోవద్దు.

మొదటి రోజు: కొంచెం ఓపిక పట్టండి

పెద్ద అప్‌డేట్ అయ్యాక స్క్రీన్ వచ్చేసినా లోపల పని ఇంకా నడుస్తూనే ఉంటుంది. ఉన్న యాప్‌లన్నిటినీ కొత్త వెర్షన్‌కు తగ్గట్టు సిస్టమ్ మళ్లీ సిద్ధం చేసుకుంటుంది. గ్యాలరీలోని ఫోటోలను మళ్లీ లెక్క వేసుకుంటుంది. అదే సమయంలో ప్లేస్టోర్‌లో యాప్‌లు ఒకదాని తర్వాత ఒకటి అప్‌డేట్ అవుతుంటాయి. ట్యాబ్ వేడెక్కడం, నెమ్మదించడం, ఛార్జింగ్ త్వరగా దిగిపోవడం ఎక్కువగా దీనివల్లే. వైఫై ఆన్‌లో ఉంచి ఒక రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేస్తే చాలా ట్యాబ్‌లు వాటంతట అవే కుదురుకుంటాయి. ఒకటి రెండు రోజులు చూసి అప్పుడు తేల్చుకోండి.

మన ఎండల సంగతి ఇక్కడ ప్రత్యేకంగా చెప్పాలి. ఐప్యాడ్‌ను 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని యాపిల్ చెబుతుంది. ఏప్రిల్, మే నెలల్లో అనంతపురంలోనైనా, కర్నూలులోనైనా బయట 40 దాటుతుంది. మిద్దె కింద గదిలో మధ్యాహ్నం పూట 35 లోపు ఉండడమే కష్టం. కాబట్టి ట్యాబ్‌కున్న పౌచ్ తీసేయండి. పరుపు మీద, దిండు మీద కాకుండా కడప బండల నేల మీద పెట్టండి. బండ చల్లదనం దానికి సరిపోతుంది. తొందరగా చల్లబడాలని ఫ్రిజ్‌లో మాత్రం పెట్టవద్దు. బయటికి తీయగానే లోపల తేమ పడుతుంది, బాగున్న ట్యాబ్ కూడా పాడవుతుంది.

స్క్రీన్ పనిచేస్తున్నప్పుడే డేటా కాపాడుకోండి

ఏ బటనూ నొక్కక ముందే చేయాల్సిన పని ఇది. నేను దీన్నే ఎక్కువగా పట్టుబట్టి చెబుతాను.

ఆండ్రాయిడ్ ట్యాబ్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలపండి. పైనుంచి కిందికి లాగితే నోటిఫికేషన్‌లో యూఎస్‌బీ అని కనిపిస్తుంది. దాన్ని నొక్కి ఫైల్ ట్రాన్స్‌ఫర్ ఎంచుకోండి. అప్పుడు ఫోటోలు, వీడియోలు, డౌన్‌లోడ్స్, రికార్డింగ్స్ ఫోల్డర్లన్నీ కంప్యూటర్‌లోకి కాపీ చేసుకోవచ్చు. కంప్యూటర్ లేకపోతే మెమరీ కార్డు వేసి అందులోకి కాపీ చేయండి. అదీ కాకపోతే గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ పెట్టండి. ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే మీ మెయిల్స్, డ్రైవ్ ఫైళ్లు, ఫోటోలు అన్నీ సర్దుకోవాలని మాత్రం మరిచిపోవద్దు. వైఫై, సిమ్ నెట్ రెండూ లేకపోతే ఈ దారి మూసుకుపోయినట్టే, అప్పుడు కేబులో మెమరీ కార్డో దిక్కు.

వాట్సాప్‌కు దాని సెట్టింగ్స్‌లో బ్యాకప్ విడిగా ఉంటుంది. వాయిస్ రికార్డర్‌లో ఉన్నవి గూగుల్ ఫోటోస్‌లోకి పోవు. మా అవ్వ గొంతు పోయింది అందుకే. రికార్డింగ్స్ ఫోల్డర్ ఎక్కడుందో వెతికి, చేత్తో కాపీ చేయండి.

ఇంకో మాట. ట్యాబ్‌లో ఏ గూగుల్ అకౌంట్ ఉందో, దాని పాస్‌వర్డ్ ఏమిటో ఇప్పుడే సరిచూసుకోండి. రికవరీ మోడ్ (ట్యాబ్ మామూలుగా తెరుచుకోనప్పుడు వాడే రిపేరు పేజీ) నుంచి రీసెట్ చేసిన ట్యాబ్, పాత గూగుల్ అకౌంట్ వివరాలు ఇవ్వనిదే లోపలికి రానివ్వదు. దొంగల కోసం పెట్టిన తాళం ఇది. పాస్‌వర్డ్ మరిచిపోతే సొంతదారుకూ అదే తాళం.

రీస్టార్ట్, కదలకపోతే బలవంతపు రీస్టార్ట్

ముందు మామూలుగా స్విచ్ ఆఫ్ చేసి ఆన్ చేయండి. స్క్రీన్ కదలకుండా బిగుసుకుపోతే శాంసంగ్ ట్యాబ్‌లలో పవర్ బటన్, వాల్యూమ్ తగ్గించే బటన్ రెండూ కలిపి పది, పదిహేను సెకన్లు నొక్కి పట్టుకోండి. హోమ్ బటన్ లేని ఐప్యాడ్ అయితే పై బటన్‌కు దగ్గరగా ఉన్న వాల్యూమ్ బటన్‌ను ఒకసారి నొక్కి వదలండి, రెండో వాల్యూమ్ బటన్‌ను నొక్కి వదలండి, తర్వాత పై బటన్‌ను యాపిల్ గుర్తు వచ్చేదాకా పట్టుకోండి. హోమ్ బటన్ ఉంటే ఆ బటన్, పై బటన్ రెండూ కలిపి పట్టుకుంటే చాలు. దీనివల్ల డేటా ఏదీ పోదు, భయపడవద్దు.

వైఫై పట్టకపోతే

చిన్నాయనకు వచ్చిన సమస్య ఇదే. ముందు తప్పు ట్యాబ్‌దా, రౌటర్‌దా అన్నది తేల్చుకోవాలి. వేరే ఫోన్‌లో హాట్‌స్పాట్ పెట్టి ట్యాబ్‌ను దానికి కలపండి. కలిసిందంటే ట్యాబ్‌లో వైఫై బాగానే ఉంది. రౌటర్‌ను అర నిమిషం ఆపి ఆన్ చేయండి. తర్వాత ట్యాబ్‌లో మీ వైఫై పేరు మీద ఫర్గెట్ నొక్కి, పాస్‌వర్డ్ కొత్తగా కొట్టండి.

హాట్‌స్పాట్‌కు కూడా కలవకపోతే నెట్‌వర్క్ రీసెట్ చేయాలి. శాంసంగ్‌లో సెట్టింగ్స్, జనరల్ మేనేజ్‌మెంట్, రీసెట్ వరుసలో పోతే దొరుకుతుంది. మిగతా ఆండ్రాయిడ్ ట్యాబ్‌లలో సిస్టమ్ కింద రీసెట్ ఆప్షన్స్ అని ఉంటుంది. ఐప్యాడ్‌లో జనరల్‌లో బాగా కింద, ట్రాన్స్‌ఫర్ ఆర్ రీసెట్ ఐప్యాడ్ లోపల ఉంటుంది. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చదవండి. అదే పేజీలో ఫ్యాక్టరీ డేటా రీసెట్ లేదా ఎరేజ్ ఆల్ కంటెంట్ అని ఇంకో వరుస పక్కనే ఉంటుంది. అది అన్నీ తుడిచేస్తుంది. నెట్‌వర్క్ రీసెట్‌లో పోయేవి దాచుకున్న వైఫై పాస్‌వర్డులు, బ్లూటూత్ జతలు లాంటి నెట్‌వర్క్ సెట్టింగ్‌లే.

హాస్టల్‌లో, కాలేజీలో ఉండేవాళ్లకు వేరే చిక్కు ఒకటి ఉంది. కొన్నిచోట్ల మీ ట్యాబ్ మ్యాక్ అడ్రస్‌ను (నెట్‌వర్క్‌లో ట్యాబ్‌ను గుర్తుపట్టే నంబరు) ముందే రాసుకుని దానికే నెట్ ఇస్తారు. ఆండ్రాయిడ్ 10 నుంచి ట్యాబ్ తన అసలు మ్యాక్ చూపించకుండా మారుపేరు లాంటి ర్యాండమ్ మ్యాక్ వాడుతుంది. అప్‌డేట్ తర్వాత ఆ సెట్టింగ్ మారితే అక్కడి నెట్ మిమ్మల్ని గుర్తుపట్టదు. ఆ వైఫై వివరాల్లోకి పోయి మ్యాక్ అడ్రస్ దగ్గర డివైస్ మ్యాక్ పెట్టండి.

యాప్‌లు తెరవగానే మూసుకుపోతుంటే

ఇది ఎక్కువగా స్థలం చాలకపోవడంతో మొదలవుతుంది. అప్‌డేట్ కొంత స్టోరేజ్ తినేస్తుంది. 32 జీబీ ట్యాబ్‌లో మిగిలేది తక్కువే. వాట్సాప్‌లో వచ్చి పడిన గుడ్ మార్నింగ్ వీడియోలు, చూసేసిన సినిమాలు తీసేసి కనీసం పదో వంతు ఖాళీ ఉంచండి. తర్వాత ప్లేస్టోర్‌లో అన్ని యాప్‌లనూ అప్‌డేట్ చేయండి.

అందులోనూ ఆండ్రాయిడ్ సిస్టమ్ వెబ్‌వ్యూ, క్రోమ్ ఈ రెండిటినీ మరవద్దు. చాలా యాప్‌లు లోపల పేజీలు చూపించడానికి వెబ్‌వ్యూనే వాడుకుంటాయి. 2021 మార్చిలో దాని అప్‌డేట్‌లో లోపం వచ్చి ప్రపంచమంతటా జీమెయిల్‌తో సహా ఎన్నో యాప్‌లు తెరవగానే మూసుకుపోయాయి. గూగుల్ సరిచేసిన వెర్షన్ ఇచ్చాక, ఆ రెండిటినీ అప్‌డేట్ చేసుకున్నవాళ్లకు సమస్య తీరిపోయింది. ఆ రోజు టెన్షన్ పడి ట్యాబ్ రీసెట్ చేసినవాళ్లకు డేటా పోవడం తప్ప ఒరిగిందేమీ లేదు.

ఇంకా ఒక్క యాపే మూసుకుపోతుంటే సెట్టింగ్స్‌లో ఆ యాప్ తెరిచి, స్టోరేజ్‌లో క్లియర్ క్యాష్ నొక్కండి, యాప్ తాత్కాలికంగా పెట్టుకున్న ఫైళ్లే పోతాయి. క్లియర్ డేటా వేరు, అది నొక్కితే ఆ యాప్‌లో దాచుకున్నవి పోతాయి.

రెండు రోజులైనా వేడి, ఛార్జింగ్ బాధ తగ్గకపోతే సెట్టింగ్స్‌లో బ్యాటరీ తెరిచి ఏ యాప్ ఎక్కువ తింటోందో చూడండి. తెలియకపోతే ఆండ్రాయిడ్‌లో సేఫ్ మోడ్ ఉంది. పవర్ ఆఫ్ గుర్తును నొక్కి పట్టుకుంటే సేఫ్ మోడ్ అని వస్తుంది, సరే అనండి. అందులో ట్యాబ్‌తో వచ్చిన యాప్‌లే నడుస్తాయి, మీరు వేసుకున్నవి ఆగిపోతాయి. అక్కడ ట్యాబ్ చక్కగా నడిస్తే తప్పు మీరు వేసుకున్న ఏదో యాప్‌దే. మామూలుగా రీస్టార్ట్ చేసి, ఈ మధ్య వేసుకున్నవి ఒక్కొక్కటి తీసేస్తూ చూడండి.

తెలుగు కీబోర్డు పోయిందనే ఫిర్యాదు నాకు తరచూ వస్తుంది. అది పోదు. డిఫాల్ట్ కీబోర్డు మారి ఉంటుంది. కీబోర్డు సెట్టింగ్స్‌లో గూగుల్ వారి జీబోర్డ్‌ను మళ్లీ ఎంచుకుని, భాషల్లో తెలుగు కలపండి.

లోగో దగ్గరే ఆగిపోతే

ముందు ట్యాబ్‌తో వచ్చిన ఛార్జర్‌తోనే ఒక గంట ఛార్జింగ్ పెట్టండి. తర్వాత పైన చెప్పిన బలవంతపు రీస్టార్ట్ చేయండి. శాంసంగ్‌లో అప్పటికీ కాకపోతే రికవరీ మోడ్ చూడవచ్చు. ఆఫ్‌లో ఉన్న ట్యాబ్‌ను కేబుల్‌తో కంప్యూటర్‌కు కలిపి, వాల్యూమ్ పెంచే బటన్, పవర్ బటన్ కలిపి పట్టుకోవాలి. ఆండ్రాయిడ్ 11 నుంచి శాంసంగ్‌లో కేబుల్ కలపకపోతే ఆ పేజీ రాదు. చాలామంది ఇక్కడే చేతకాలేదని వదిలేస్తారు. వాల్యూమ్ బటన్లతో వైప్ క్యాష్ పార్టిషన్ దగ్గరికి వచ్చి పవర్ బటన్‌తో ఎంచుకోండి. దీనికి ఆనుకునే వైప్ డేటా అని ఉంటుంది. వేలు తడబడితే అంతా పోతుంది, కాబట్టి కళ్లజోడు పెట్టుకుని, వెలుతురులో కూర్చుని చేయండి.

ఐప్యాడ్‌ను కంప్యూటర్‌కు కలిపి రికవరీ మోడ్‌లో పెడితే అప్‌డేట్, రీస్టోర్ అని రెండు అడుగుతుంది. అప్‌డేట్ ఎంచుకోండి. అది మీ డేటా తుడవకుండా సాఫ్ట్‌వేర్‌ను మళ్లీ వేయడానికి ప్రయత్నిస్తుంది. రీస్టోర్ అంటే అంతా ఖాళీ.

ఒక్కోసారి మన చేతిలో ఏమీ ఉండదు. 2024 సెప్టెంబర్‌లో ఐప్యాడ్ ఓఎస్ 18 వచ్చినప్పుడు ఎం4 చిప్ ఉన్న కొన్ని ఐప్యాడ్ ప్రోలు అప్‌డేట్ మధ్యలోనే పనిచేయడం మానేశాయి. యాపిల్ ఆ అప్‌డేట్‌ను ఆ మోడళ్లకు తాత్కాలికంగా ఆపేసింది. అలాంటప్పుడు సర్వీస్ సెంటర్‌కే పోవాలి. ట్యాబ్ నడుస్తూ చిన్న చిన్న ఇబ్బందులే ఉంటే, కొన్ని రోజుల పాటు సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ పేజీ చూస్తూ ఉండండి. దిద్దుబాటు అప్‌డేట్ వస్తుంది.

బడి ఇచ్చిన ట్యాబ్ అయితే

2022 డిసెంబర్‌లో మన ఆంధ్రప్రదేశ్‌లో ప్రభుత్వ బడుల 8వ తరగతి పిల్లలకు ట్యాబ్‌లు ఇచ్చారు. ఇలా బడులు, ఆఫీసులు ఇచ్చే ట్యాబ్‌లలో పాఠాలతో పాటు అదుపు చేసే సాఫ్ట్‌వేర్ కూడా ఉంటుంది. వాటిని ఇంట్లో రీసెట్ చేయవద్దు, షాపులో అన్‌లాక్ చేయించవద్దు. పిల్లల చేత టీచర్‌కు చెప్పించండి.

ఇక రీసెట్ తప్పదంటే

పైవన్నీ చేసి, డేటా కాపీ చేసుకుని, పాస్‌వర్డ్ సరిచూసుకున్నాకే. ఒక అపోహ చాలామందిలో ఉంది. రీసెట్ కొడితే పాత వెర్షన్ తిరిగి వస్తుందని అనుకుంటారు. రాదు. కొత్త వెర్షనే ఉంటుంది, మీ వస్తువులు మాత్రం ఉండవు. పాత వెర్షన్ వేసిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు. చాలా ట్యాబ్‌లలో కంపెనీలే ఆ దారి మూసేశాయి, బలవంతం చేస్తే ట్యాబ్ పూర్తిగా చచ్చిపోవచ్చు.

షాపుకు పోవాల్సి వస్తే సిమ్, మెమరీ కార్డు తీసి ఇంట్లో పెట్టండి. డబ్బులు పంపే యాప్‌లు ఉన్న ట్యాబ్‌ను పిన్ చెప్పి వదిలి రావద్దు. అక్కడే కూర్చోండి. "రీసెట్ చేసే ముందు నన్ను అడగండి" అని మొదటే చెప్పండి.

మొన్న ఉగాది ముందు చిన్నాయన ట్యాబ్‌కు మళ్లీ అప్‌డేట్ వచ్చింది, మళ్లీ వైఫై పట్టలేదు. ఈసారి నాకే ఫోన్ చేశాడు. "ఏమప్పా, రీసెట్ అని కనపడతాంది, నొక్కల్లా?" అన్నాడు, గొంతులో వణుకుతోనే. "ఆగు చిన్నాయనా, ఆ వరుస మొత్తం చదువు" అన్నాను. నెమ్మదిగా కూడబలుక్కుంటూ చదివాడు, రీసెట్ నెట్‌వర్క్ సెట్టింగ్స్. అదే నొక్కించాను. రౌటర్ వెనకాల రాసున్న పాస్‌వర్డ్ కొట్టగానే కలిసింది.