2026 ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కు వెళ్తున్నారా? బుకింగ్‌కు ముందు ఇవి చూసుకోండి

వీసా చేతికి రాకముందే డబ్బు వాపసు రాని ఫ్లైట్, హోటల్ బుక్ చేయకండి. మ్యాచ్ టికెట్ ఉన్నంత మాత్రాన వీసా వస్తుందని లేదు. అన్నిటికన్నా పెద్ద నష్టం ఇక్కడే.

మ్యాచ్‌లు జరిగే అమెరికా, కెనడా, మెక్సికో వీసాలు దేనికదే వేరు. టొరంటోలో మ్యాచ్ చూసి మళ్లీ అమెరికా రావాలంటే మీ అమెరికా వీసా మల్టిపుల్ ఎంట్రీదేనా (ఒకటికన్నా ఎక్కువసార్లు దేశంలోకి రానిచ్చేదేనా)?

ఊరి పేరు చూసి గది తీసుకోకండి. ‘బోస్టన్’ మ్యాచ్‌లు జరిగేది ఫాక్స్‌బరోలో, రోడ్డు మీద 40 కిలోమీటర్లకు పైనే. ‘డాలస్’వి ఆర్లింగ్టన్‌లో. జూలై 19 ఫైనల్ న్యూజెర్సీలోని ఈస్ట్ రూథర్‌ఫర్డ్‌లో. మ్యాచ్ అయ్యాక రాత్రి తిరిగొచ్చే రైలో బస్సో ఉందని తేల్చుకున్నాకే గది. లేకపోతే అర్ధరాత్రి క్యాబ్ కోసం టెన్షన్ తప్పదు.

నాకౌట్ రోజులకు ఉచితంగా రద్దు చేసుకునే గదే మంచిది. మీ జట్టు ఏ ఊళ్లో ఆడేదీ గ్రూప్ దశ ముగిస్తేగానీ తెలియదు.