డెల్టాలో భూకంపం వస్తే ఎన్ని ఇళ్లు, ఎంతమంది: చేత్తో వేసే లెక్క

టీవీలో చెప్పే మాగ్నిట్యూడ్ పట్టుకుని లెక్క మొదలుపెట్టకండి. అది భూమి లోపల పుట్టిన శక్తికి కొలత. మీ ఊరు ఎంత ఊగిందో చెప్పేది ఇంటెన్సిటీ; దూరం, లోతు, కింద మట్టిని బట్టి ఊరూరికీ మారుతుంది. 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర వచ్చినది 5.7. అలాంటిది మళ్లీ వస్తే కోనసీమలో ఎంత అన్నది ఆ 5.7 ఒక్కటే చెప్పదు.

అమెరికా భూగర్భ సర్వే సంస్థ (యూఎస్‌జీఎస్) ఎక్కడ ఎంత ఊగిందో చూపిస్తూ పెట్టే షేక్‌మ్యాప్‌లో మీ మండలం మీదున్న రోమన్ అంకె తీసుకోండి, అదే ఇంటెన్సిటీ. మనది మెత్తటి ఒండ్రు నేల కదా అని దానికి ఇంకొకటి కలపకండి. నేల వాలును బట్టి మట్టి మెత్తదనాన్ని ఆ మ్యాప్ ముందే అంచనా కట్టేస్తుంది. రాతినేల అనుకుని గీసిన ఇంటెన్సిటీ మ్యాప్ వాడితేనే ఒకటి కలపాలి.

తర్వాత గోడలు. ప్లాస్టింగ్ చూసి మోసపోవద్దు. దొడ్డివైపు పెచ్చులూడినచోట ఇటుకల మధ్య మేకుతో గీకండి. పొడిపొడిగా రాలిందంటే బురద కట్టుబడి. ఈఎంఎస్-98 అనే యూరప్ ఇంటెన్సిటీ పద్ధతి ఇళ్లను తరగతులుగా విడదీస్తుంది, ‘ఏ’ అన్నిటికన్నా బలహీనం. అందులో మట్టిగోడల్ని, బురద కట్టుబడిని ‘ఏ’లో, సిమెంటు ఇటుక గోడల్ని ‘బీ’లో, పిల్లర్ల ఇళ్లను ‘సీ’లో వేసుకోవచ్చు. కింద అంతా పార్కింగ్ వదిలిన అపార్టుమెంటుని మాత్రం ‘బీ’కి దించండి. 2001 భుజ్ భూకంపంలో రెండొందల కిలోమీటర్లకు పైగా దూరాన ఉన్న అహ్మదాబాదులో కూలినవాటిలో అలాంటివి చాలా ఉన్నాయి. తాటాకు కప్పు మీద పడ్డా బరువుండదు, దాని కింది మట్టిగోడను మాత్రం వదలొద్దు. పెంకులైతే జారి సరిగ్గా అరుగు మీదే పడతాయి.

ఉదాహరణకు ఇంటెన్సిటీ 7, ‘ఏ’ ఇళ్లు 60, ‘బీ’ 220 అనుకుందాం. ఆ పద్ధతిలోని ఐదు నష్టం గ్రేడుల్లో, గోడలు బాగా బీటలువారే మూడో గ్రేడు ‘ఏ’లో సుమారు 20 నుంచి 50 శాతం, అంటే 12 నుంచి 30 ఇళ్లు. ‘బీ’లో 20 శాతం లోపు, మహా అయితే 44. మొత్తం 12 నుంచి 74 ఇళ్లు, ఇంటికి నలుగురు చొప్పున 48 నుంచి 296 మందికి తల దాచుకునే చోటు చూడాలి. ఒకే అంకె అడిగేవాళ్లకు కూడా ఈ రెండు కొసలే ఇవ్వండి. ‘ఏ’లో కొన్ని నాలుగో గ్రేడుకీ పోతాయి, గోడలు కూలేది అక్కడే, అంబులెన్సుల లెక్క వాటి మీద వేయండి.

పాత ఏటిపాయలు, చెరువు పూడ్చి వేసిన లేఅవుట్లు విడిగా రాసుకోండి. బోరు వేసినవాళ్లని అడిగితే ఇసుక ఏ లోతున తగిలిందో చెబుతారు. నీటిమట్టం కింద, పై 15 మీటర్లలోపు వదులు ఇసుక ఉంటే గట్టి కుదుపుకి అది ద్రవంలా మారి పునాది ఒరగొచ్చు.

జనాన్ని రాత్రికి ఇళ్లలో, పగలు బడుల్లో లెక్కపెట్టండి. సంక్రాంతి మూడు రోజులూ ఇంటికి నలుగురన్న లెక్క బొత్తిగా పనికిరాదు.